చరిత్ర మరిచిన ఆడవాళ్ల కథలు రాయాలనుకునే వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు నేల మీద బతికి, పేరు కూడా మిగలకుండా పోయిన ఆడవాళ్ల గురించి చారిత్రక కథలు, నవలలు రాయాలనుకునే వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలివి. కథా శిబిరాల్లో, ఫోన్లలో, ఎదురుపడినప్పుడు ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. రాసే పని సాగే వరసలోనే నాలుగు భాగాలు చేశాను. ప్రతి జవాబూ దానికదే పూర్తి కాబట్టి మీకు ఏది అవసరమైతే అక్కడే తెరిచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

నేను హిస్టరీ చదవలేదు. ఇలాంటివి నేను రాయొచ్చా?

తప్పకుండా రాయొచ్చు. బండారు అచ్చమాంబ (1874–1905) కాలేజీ మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఇంట్లోనే ఉండి చదువు నేర్చుకుంది. ఆ తర్వాత మన దేశంలో పేరున్న స్త్రీల జీవితాలు ఏరి కూర్చి తెలుగులో చరిత్రలుగా రాసింది. ముప్పై ఏళ్లు దాటగానే పోయిన మనిషి ఆ పని చేసిందంటే, డిగ్రీ లేదన్నది అడ్డంకి కాదని ఒప్పుకోవాలి. ఓపిక మాత్రం ఉండాలి. పది పేజీల కథకు కూడా నెలల తరబడి చదవాల్సి వస్తుంది, చదివిన దాంట్లో ముప్పాతిక వంతు కథలోకి రానే రాదు.

రాణుల గురించి రాయాలా, మామూలు ఆడవాళ్ల గురించా?

రాణులంతా అందరికీ తెలిసినవాళ్లేనని అనుకోవద్దు. రుద్రమదేవినే తీసుకోండి. మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కో పోలో ఆమెను రాజు భార్యగా, భర్త పోయాక పాలిస్తున్న రాణిగా రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. తండ్రి బతికుండగానే రాజ్యభారం ఎత్తుకుంది, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కనిపిస్తుంది. ఆమె ఎప్పుడు పోయిందో మనకు తెలియడానికి కారణం నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే మనిషి వేయించిన శాసనం. దాని తేదీ 1289 నవంబరు 27. అంతటి రాణి మరణమే ఒక సామాన్యుడు వేయించిన రాయి మీద ఆధారపడి మిగిలింది.

అయినా నా మనసు మామూలు ఆడవాళ్ల వైపే లాగుతుంది. రుద్రమ కాలంలోనే, 1261లో వేసిన మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల ప్రస్తావన ఉంది. ఊరి ఆదాయంతో కాన్పుల కోసం ఒక శాల నడిచిందన్నమాట. అందులో పురుడు పోసిన మంత్రసాని ఎవరు? రాత్రి పూట దీపం పట్టుకుని నిలబడింది ఎవరు? ఆ పేర్లు ఎక్కడా లేవు. రాణి కథ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మంత్రసాని దగ్గరికి మీరు వెళ్లండి.

ఏ కాలం ఎంచుకోవాలి?

మీకు ఏ కాలపు వంటిల్లు కళ్లకు కడుతుందో ఆ కాలం. రాజుల పేర్లు ఎన్ని తెలిసినా, పొద్దున లేవగానే ఆమె ముందుగా ఏ పని మీద చెయ్యి వేస్తుందో చెప్పలేకపోతే ఆ కాలం మీకింకా దొరకనట్టే. మొదటి కథకు దగ్గరి కాలం తేలిక. 1876–78 నాటి ధాత కరువు గురించైనా, 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం గురించైనా కాగితాలు, పాటలు, ఇళ్లల్లో చెప్పుకునే మాటలు ఇంకా ఉన్నాయి.

ఆమె పేరే తెలియనప్పుడు ఏ పేరు పెట్టాలి?

ఆ కాలపు శాసనాల్లోంచే పేరు ఏరుకోండి. నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలంలో ఆడవాళ్ల పేర్ల చివర సిరి వినిపిస్తుంది: చాంతిసిరి, బోధిసిరి, అడవిచాంతిసిరి. కాకతీయుల నాటికి మైలమ, ముప్పమ, కుందమ, రుయ్యమ్మ లాంటివి వస్తాయి. పదమూడో శతాబ్దపు మనిషిని లలిత అనో, సరోజ అనో పిలిస్తే చదివేవాడు మొదటి పేజీలోనే ఈ కాలానికి తిరిగొచ్చేస్తాడు.

ఇంకో దారి కూడా ఉంది. అసలు పేరే పెట్టకుండా ఊరు ఆమెను ఎలా పిలిచి ఉంటుందో అలా పిలవండి: పెద్దోడి తల్లి, కుమ్మరోళ్ల కోడలు, చెరువుకట్ట అవ్వ. చాలామంది ఆడవాళ్లు బతికినంత కాలం వాళ్ల పేరుతో వాళ్లను పిలిచినవాళ్లు నలుగురైదుగురికి మించి ఉండరు. కథలో ఒకే ఒక్క చోట, ఆమెకు బాగా కావాల్సినవాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిస్తే, ఆ ఒక్క పిలుపు ఎంత బరువు మోస్తుందో మీరే చూస్తారు.

## ఆధారాలు వెతికేటప్పుడు

శాసనంలో ఆడవాళ్ల గురించి రెండు లైన్లే ఉంటాయి. వాటితో కథ ఎలా అల్లాలి?

ఆ రెండు లైన్లను గబగబా దాటకండి. కాకతీయుల కాలపు గుడి శాసనాల్లో తరచుగా కనిపించే దీపదానం ఒకటి చూద్దాం. వరస దాదాపు ఇలా ఉంటుంది: ఫలానా ఆమె, తన తల్లికి పుణ్యంగా, స్వామికి అఖండ దీపం పెట్టించి దానికి 25 ఆవులు ఇచ్చింది. పశువులు కాసే ఫలానా బోయ ఆ ఆవులను చేపట్టాడు. తాను, తన కొడుకులు, మనవలు ఆచంద్రార్కం రోజుకు మానెడు నెయ్యి పోయాలి.

ఇప్పుడు ఒక్కో ముక్క పట్టుకుని అడగండి. పాతిక ఆవులు ఆమెకు ఎక్కడివి? పుట్టింటివా, సొంత సంపాదనా? తల్లి పేరు మీద ఇచ్చింది సరే, భర్త మాట ఎందుకు లేదు? రాయి చెక్కించేటప్పుడు ఆమె అక్కడ నిలబడిందా, అక్షరాలు చదవగలిగిందా, లేక తన పేరు ఎక్కడుందో వేలితో చూపించమని శిల్పిని అడిగిందా?

ఇంకొంచెం ముందుకెళ్లండి. నెయ్యి పోయాల్సింది బోయ అని శాసనం చెప్పింది. చిలికింది మాత్రం ఆయన ఇంటి ఆడవాళ్లే అయి ఉంటారు. ఆవుపాలు పలచన. మానెడు నెయ్యి చేతికి రావాలంటే ఎన్ని కుండల పాలు కాచాలి, ఎన్ని తోడు పెట్టాలి, ఎంతసేపు చిలకాలి! కవ్వం తాడు లాగి లాగి అరచేతుల్లో కాయలు కాస్తాయి. చెయ్యి వెన్నకు మెత్తబడుతుంది, తాడుకు గట్టిపడుతుంది. ఎండాకాలం ఆవులు వట్టిపోతే నెయ్యి ఎక్కడ అప్పు చేసేది? బిడ్డ జ్వరంతో పడుకున్న రోజు కూడా ముందు గుడి నెయ్యి చూడాల్సిందే. సూర్యచంద్రులు ఉన్నంత కాలం అని రాతి మీద రాశారు, ఆ మాట ప్రకారం నడవాల్సిన చేతుల్ని రాయలేదు. నా కథ ఆ నెయ్యి చిలికినామెదే. ఆవులిచ్చినామె పేరు రాతి మీద ఎలాగూ ఉంది.

అన్ని శాసనాలూ రెండు లైన్లతో సరిపెట్టవు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధం పాటించే ఆమె, తన దానాల చిట్టాతో పాటు బంధువుల పేర్లన్నీ వరసగా చెక్కించింది. ఒక ఇంటి ఆడమనిషి తనవాళ్లందర్నీ ఒక్క రాతి మీదికి ఎక్కించిన తీరు చూస్తే అదే ఒక నవల అనిపిస్తుంది.

శాసనాలు ఎక్కడ దొరుకుతాయి? పాత తెలుగు నాకు అర్థం కాదు కదా!

భారత పురావస్తు శాఖ అచ్చువేసిన సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాల్లో నాలుగో సంపుటంలో ద్రాక్షారామ శాసనాలు, ఆరో సంపుటంలో సింహాచలం శాసనాలు ఉన్నాయి. పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. మన రెండు రాష్ట్రాలవీ జిల్లాల వారీ శాసన సంపుటాలు విడిగా ఉన్నాయి. పెద్ద లైబ్రరీల్లో అడగండి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా చాలావరకు దొరుకుతాయి.

మొదటి వారం ఏమీ అర్థం కాదు. టెన్షన్ పడకండి. దాన శాసనాలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి: తేదీ, రాజు పేరు, దాత, ఎవరి పుణ్యానికి, ఏం ఇచ్చారు, ఎవరు నడపాలి, చివర్లో దానం చెడగొట్టినవాడికి శాపం. ఇరవై చదివేసరికి కన్ను అలవాటు పడుతుంది. అప్పుడు సంపుటం తిరగేస్తూ ఆడపేరు ఉన్నవన్నీ ఒక నోట్‌బుక్కులోకి ఎక్కించండి.

పల్లెల్లో ఆడవాళ్ల గురించి రాసి పెట్టిన కాగితాలు ఏమైనా ఉన్నాయా?

కైఫీయతులు చూడండి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ (1754–1821) దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి మనవాళ్లు ఊళ్లు తిరిగి, కరణాలనూ పెద్దలనూ అడిగి రాయించిన స్థానిక చరిత్రలివి. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎలా వెలిసింది, ఏ కరువులో ఎవరు వలస పోయారు అన్నవి తెలుగులోనే ఉంటాయి. చెప్పినవాళ్లు మగవాళ్లు, అడిగినవాళ్లు మగవాళ్లు. అయినా చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన కోడలనో, ఊరు కాపాడిన పేరంటాలనో సందుల్లోంచి ఆడవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఏ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుని చదవండి.

మా ముత్తవ్వ కూలీగా ఓడెక్కి వెళ్లిపోయిందట. ఆమె గురించి ఎలా తెలుసుకోవాలి?

ఓడల జాబితాలు వెతకండి. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న ఇప్పటి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరింది. ఒప్పంద కూలీలతో అక్కడికి వెళ్లిన మొదటి ఓడ అదే. ఆ తర్వాత 1911 దాకా ఓడలు వెళ్తూనే ఉన్నాయి, వాటిలో తెలుగువాళ్లు చాలామంది. మారిషస్‌కు, ఫిజీకి వెళ్లినవాళ్లు వేరు.

ఆ జాబితాల్లో ఒక్కో మనిషికి ఒక వరస ఉంటుంది: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. వాటితో పాటు ఒంటి మీది గుర్తులు. ఎడమ మోకాలి మీద మచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు అన్న తరహాలో. తర్వాత గుర్తుపట్టడం కోసం గుమాస్తా రాసుకున్నాడు అంతే. మనకు మాత్రం ఆ మచ్చ ఒక తలుపు. మోకాలి మీద మచ్చ ఎప్పుడు పడింది? చిన్నప్పుడు బావి దగ్గర జారిందా, కొలిమి దగ్గర కాలిందా? పచ్చబొట్టు పొడిపించుకున్నప్పుడు పక్కన ఎవరున్నారు? తమ ఊళ్లో ఎవరూ ఒక్క అక్షరం రాయని మనిషి గురించి సముద్రం దాటేటప్పుడు రాసిన ఒకే ఒక్క వాక్యం అది. పేర్ల స్పెల్లింగు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు ఉంటుంది కాబట్టి గట్టిగా పలికి చూసుకోండి. వంద మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన చాలా కాలం నడిచింది. అందుకని ఒంటరి ఆడవాళ్లను వెతికి వెతికి ఎక్కించిన సంగతి కూడా మనసులో ఉంచుకోండి.

పాటలు, సామెతలు ఆధారాలుగా పనికొస్తాయా?

సంఘటనకు ఆధారంగా పనికిరావు. మనసుకు ఆధారంగా అంతకు మించినవి లేవు. తిరగలి పాటలు, రోకటి పాటలు, అప్పగింతల పాటలు పని ఒడిలో పుట్టినవి. లక్ష్మణుడు అడవికి పోతే పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళను పెద్ద కావ్యాలు దాదాపు వదిలేశాయి, మన ఆడవాళ్లు ఆమె కోసం ఒక పాటే కట్టి తరతరాలు పాడుకున్నారు. ఎవరి గురించి పాట కట్టాలనిపించిందో చూస్తే వాళ్ల దిగులు ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. పాట పలానా శతాబ్దానిదని తేల్చి చెప్పడం మాత్రం కష్టం, కాబట్టి దాన్ని పట్టుకుని కాలం నిర్ణయించకండి.

పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగేటప్పుడు ఎలా అడగాలి?

"అప్పుడు మీకు ఎలా అనిపించింది?" అని మొదలుపెడితే ఏ అవ్వా నోరు విప్పదు. "ఆ రోజు ఏం వండావవ్వా?" అని అడగండి. పని గురించి అడిగితే పని చెబుతారు, ఆ పని చెబుతూ చెబుతూ మిగతాది చెబుతారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను 1980ల్లో స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల బృందం వాళ్లు ఇలా కూర్చోబెట్టి మాట్లాడించబట్టే, ఉత్తరాలు మోసినవాళ్లు, దళాలకు అన్నం దాచినవాళ్లు, అడవిలో బిడ్డల్ని కన్నవాళ్లు వాళ్ల మాటల్లోనే మనకు మిగిలారు. పోరాటం అయిపోయాక ఇంటికి వెళ్లిపొమ్మంటే ఆ ఆడవాళ్లకు పడ్డ దెబ్బ ఏ పార్టీ చరిత్రలోనూ అంత సూటిగా కనిపించదు.

రికార్డు చేసేముందు అనుమతి అడగండి. ఫలానాది రాయొద్దు అంటే రాయకండి. చెప్పిన ఆమె ఆ ఊళ్లోనే ఇంకా బతకాలి.

## రాస్తున్నప్పుడు

కాకతీయుల కాలం మనిషి ఏ తెలుగు మాట్లాడాలి? గ్రాంథికమా?

గ్రాంథికం వద్దు. ఆ కాలంలోనూ నీళ్ల రేవు దగ్గర ఆడవాళ్లు గ్రాంథికం మాట్లాడి ఉండరు. అలాగని వాళ్లు నిజంగా మాట్లాడిన తెలుగు రాస్తే మనకు అర్థం కాదు. నేను పాటించే పద్ధతి చెబుతాను. వాక్యం ఈనాటిదే, సాదాగా ఉంటుంది. సంభాషణలోంచి మాత్రం ఆ కాలానికి ఇంకా రాని మాటల్ని ఏరిపారేస్తాను.

జవాబు, ఖర్చు, దర్బారు, హుకుం, బజారు, కబురు, రోజు, కాగితం: ఇవన్నీ పారసీ, అరబీ దారిలో తర్వాత వచ్చినవి. బాల్చీ, అల్మారా పోర్చుగీసువాళ్ల వెంట వచ్చాయి. పదమూడో శతాబ్దపు తల్లి కూతురితో "ఏ రోజు వస్తావు? కబురు పెట్టు" అనకూడదు. "ఏనాడు వస్తావు? మాట పంపు" అంటే సరిపోతుంది. కథనంలో రోజు అన్న మాట వాడినా పట్టింపు లేదు, అది మీ గొంతు. పాత్ర నోట్లో మాత్రం జాగ్రత్త. ఈ ఏరివేత అయ్యాక మిగిలే తెలుగుకు దానంతట అదే ఒక నిదానం వస్తుంది.

ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది కూడా భాషే. అత్తను, వదినను, ఇంటి యజమానురాలిని ఆమె ఎలా సంబోధిస్తుందో తేల్చుకున్నాకే సంభాషణ మొదలుపెట్టండి.

తిండి, డబ్బు, బట్టల విషయంలో తప్పులు దొర్లకుండా ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువగా దొరికే తప్పు మిరపకాయ. పోర్చుగీసువాళ్లు తెచ్చే దాకా, అంటే పదహారో శతాబ్దం దాకా, మన వంటింట్లో మిరపకాయ లేదు. కారం అంటే మిరియాలే. నా మొదటి చారిత్రక కథలో రుద్రమ కాలపు ఇంట్లో గొడ్డుకారం నూరించాను. అచ్చయ్యాక ఒక పెద్దావిడ ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పింది. ఆ ఒక్క వాక్యం వల్ల కథ మొత్తం మీద ఆవిడ నమ్మకం సడలిందని తెలిసి చాలా బాధపడ్డాను. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, బొప్పాయి, జామ, పొగాకు కూడా అలా సముద్రం దాటి వచ్చినవే. జొన్న, సజ్జ, రాగి, వరి, నువ్వుల నూనె, చింతపండుతో నిశ్చింతగా వండించండి.

డబ్బు సంగతికొస్తే కాకతీయుల కాలానికి గద్యాణం, మాడ, రూక. విజయనగరానికి వరహా. దేశమంతా ఒకే రకం కంపెనీ రూపాయి 1835లో వచ్చింది, హైదరాబాదు రాజ్యంలో మాత్రం హాలీ సిక్కా వేరుగా నడిచింది.

బట్టలకు, నగలకు శిల్పాలు చూడమంటారు. చూడండి, కానీ నమ్మేముందు ఆలోచించండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో ఎత్తు మడమల పాదరక్షలు వేసుకున్న మదనిక ఉంది, అందరూ ఫోటో తీసుకుంటారు. ఆమె శిల్పి కన్న కల. అదే గుడికి ఇసుక మోసిన ఆడమనిషి కాళ్లకు ఏముందో ఆ శిల్పం చెప్పదు.

శకం, ఫసలీ, సంవత్సరాల పేర్లు... తేదీలు ఎలా లెక్కపెట్టాలి?

శక సంవత్సరానికి 78 కలిపితే దాదాపుగా మనం వాడే సంవత్సరం వస్తుంది. భూమి శిస్తు లెక్కలకు వాడిన ఫసలీకి 590 కలపాలి. ప్రభవ, విభవ పేర్లు 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి పేరు ఒక్కటే ఉంటే సరిపోదు. మీ పాత్ర మాత్రం ఇవేవీ లెక్కపెట్టదు. "పెద్ద వాన వచ్చిన ఏడు, నా రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు" అంటుంది.

నా కథానాయిక ఈ కాలపు ఫెమినిస్టులా మాట్లాడుతోందని అంటున్నారు. ఏం చేయను?

ఆ మాట అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా ఆమె ఉపన్యాసాలన్నీ ఒకసారి చుట్టు గీసుకోండి. ఎక్కువ చోట్ల మాట్లాడుతున్నది మీరే అని తేలుతుంది. ఆమెకు తెలిసినంతే ఆమె మాట్లాడాలి, అంతకు ఒక్క మాట కూడా ఎక్కువ వద్దు. ఈ రకం కథలన్నిటికీ ఇదే ప్రాణమని నేను గట్టిగా నమ్ముతాను. మనం ఆమెకు గొంతు ఇస్తున్నామని చెప్పి మన గొంతు ఆమె నోట్లో పెడితే, ఇన్నాళ్లూ ఆమెను మరిచిపోయినవాళ్లు చేసిన పనే మనమూ చేసినట్టు.

అప్పట్లో ఎదురు తిరగలేదని కాదు. ఎదురు తిరిగే దారులు వేరు. నాగార్జునకొండ ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం లాంటి వైదిక యాగాలు చేశాడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, దాత. ఒకే ఇంట్లో అన్న దారి ఒకటి, చెల్లెలి సొమ్ము నడిచిన దారి ఇంకొకటి. అదొక కలహమా, ఒప్పందమా, ఎవరికీ వింతగా తోచని మామూలు సంగతా? కథ అక్కడుంది. మొల్లను చూడండి. నాకు శాస్త్రాలు రావు, గోపవరపు శ్రీకంఠ మల్లేశ్వరుడి దయ వల్ల కవిత్వం వచ్చింది అంటూనే రామాయణం మొత్తం రాసి పెట్టింది. "నాకేం తెలుసు" అంటూ తనకు కావాల్సింది చేసుకుపోయే ఆడవాళ్లను మీరు మీ ఇంట్లోనే చూసి ఉంటారు. ఉప్పు తక్కువ వేయడం, పిలిచినా వినిపించనట్టు ఉండటం, పుట్టింటికి వెళ్లి తిరిగి రావడం ఆలస్యం చేయడం, దేవుడి మొక్కు పేరుతో నలభై రోజులు తన గదిలో తను పడుకోవడం. వీటిని రాయండి.

అలాగే మరిచిపోయిన ప్రతి ఆడమనిషీ మంచిది, ధైర్యవంతురాలు కానక్కర్లేదు. కోడల్ని కాల్చుకుతిన్న అత్త కూడా చరిత్ర మరిచిన మనిషే.

ఎంతవరకు కల్పించొచ్చు?

రాతి మీద ఉన్నది మార్చకండి, రాయి మాట్లాడని చోట కల్పించండి. పేరు, తేదీ, బంధుత్వం, దానం తెలిసినవైతే వాటికి కట్టుబడాలి. మనసు, మాట, రాత్రి వేళ మీవి.

నేను ఆ కులంలో పుట్టలేదు. దేవదాసీల కథ రాయొచ్చా?

రాయొచ్చు, కానీ మాటల దగ్గర నుంచి నేర్చుకోవాలి. సాని అన్న మాట చూడండి. పాత శాసనాల్లో అది గౌరవపదం. దొరసానిలో, మంత్రసానిలో ఆ గౌరవం ఇంకా కొంచెం మిగిలే ఉంది. గుడి సానులు సొంత సొమ్ముతో దీపాలు పెట్టించారు, భూములు ఇచ్చారు, సాని మున్నూరు అనే కట్టుగా గుడి వ్యవహారాల్లో నిలబడ్డారు. అదే మాటను కాలం తిట్టుగా మార్చింది. మీ పాత్ర ఏ శతాబ్దంలో ఉందో దాన్నిబట్టి ఆ మాట బరువు మారుతుంది. మద్రాసు రాష్ట్రం 1947లో దేవదాసీలుగా సమర్పించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ తర్వాత ఆ కుటుంబాల పిల్లలు ఎంత అవమానం మోశారో వాళ్లను కలిసి విన్నాకే రాయడానికి కూర్చోండి.

ముద్దుపళని విషయం తెలిస్తే మనం ఎక్కడ తడబడతామో అర్థమవుతుంది. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉండి రాధికా సాంత్వనము రాసిన కవయిత్రి ఆమె. 1887లో అది అచ్చయినప్పుడు ఆమె తన ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పుకున్న పీఠిక తీసేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ వెతికి, పూర్తి ప్రతిని 1910లో మళ్లీ అచ్చు వేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది, దశాబ్దాల తర్వాత గానీ ఆ నిషేధం పోలేదు. శృంగార పద్యాల గురించి అందరూ మాట్లాడతారు. నాకు ఆ తీసేసిన పీఠిక గురించి ఎక్కువ దుఃఖం. "నేను ఫలానా ఆడవాళ్ల వంశం" అని ఆమె చెప్పుకున్న చోటే కత్తెర పడింది.

సతి, హింస లాంటి సన్నివేశాలు ఎలా రాయాలి?

ఆమె కళ్లలోంచి, తక్కువ మాటల్లో. మన ఊళ్లల్లో పేరంటాలమ్మ గుళ్లు ఉన్నాయి. వాటిలో చాలా వాటి వెనక మంటల్లో పోయిన ఒక ఆడమనిషి ఉంది. ఆమెకు పసుపు రాస్తారు, చీర పెడతారు, తిరునాళ్లు చేస్తారు. పేరు అడిగితే పేరంటాలమ్మ అనే చెబుతారు. దేవత అయ్యాక ఆమె పేరు కూడా అక్కర్లేకపోయింది. సతిని నిషేధిస్తూ 1829లో బెంగాల్లో, 1830లో మద్రాసు ప్రెసిడెన్సీలో చట్టాలు వచ్చాయి. మీ కథ దానికి ముందుదో వెనకదో చూసుకోండి. మంటను వర్ణిస్తూ పేజీలు నింపొద్దు. ఆ పొద్దున ఆమె దువ్వెన ఎక్కడ పెట్టిందో రాయండి. ఆ రాత్రి ఆ దువ్వెన చూసిన చెల్లెల్ని రాయండి.

## రాసిన తర్వాత

ఏది నిజం, ఏది కల్పన అని చివర్లో చెప్పాలా?

చెప్పండి. అర పేజీ చాలు. ఈ ఆడవాళ్ల గురించి మన కథే మొదటి రాత అయినప్పుడు, చదివినవాళ్లు దాన్నే చరిత్రగా తీసుకుని పది మందికి చెబుతారు.

వాళ్ల వారసులు కేసు వేస్తారేమోనని భయంగా ఉంది.

పాత శాసనాల మనుషులతో ఆ భయం అక్కర్లేదు. దగ్గరి కాలపు వ్యక్తులైతే జాగ్రత్త అవసరం. చనిపోయిన మనిషిపై వేసే నింద కూడా, వాళ్ల కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో వేస్తే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద పరువునష్టం కావచ్చు. పేరు, ఊరు మార్చండి, అవసరమైతే లాయర్‌కు చూపించండి. కేసు సంగతి పక్కన పెట్టినా, బతికున్న కూతురికి ముందే చెప్పి రాయడం మర్యాద.

పాత కవయిత్రుల పద్యాలు, జానపద పాటలు కథలో పెట్టుకోవచ్చా?

మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. శతాబ్దాల నాటి పద్యాలకు, ఎవరు కట్టారో తెలియని పాటలకు ఆ ఇబ్బంది లేదు. ఈ మధ్య ఎవరైనా చేసిన అనువాదమో, వ్యాఖ్యో వాడితే మాత్రం అడగాలి. పాట ఏ అవ్వ నోటి నుంచి విన్నారో, ఆమెకు ఇష్టమైతే, ఆమె పేరు వేయండి.

అచ్చుకు ఇచ్చేముందు ఎవరికి చూపించాలి?

ఒక చరిత్రకారుడికి, ఒక మంచి పాఠకురాలికి, ఆ పని చేతులతో చేసిన ఒక ఆడమనిషికి. మూడోది తప్పనిసరి. కాకతీయుల నాటి ప్రసూతిశాలలో ఒక కాన్పు సన్నివేశం రాసి, జీవితమంతా పురుళ్లు పోసిన ఒక పెద్దామెకు చదివి వినిపించాను. నా కథలో మంత్రసాని వేడినీళ్ల కుండను తలుపు పక్కన పెట్టింది. ఆమె కళ్లు మూసుకుని వింటున్నదల్లా చెయ్యెత్తి ఆపింది. "తలుపు కాడ పెడితే ఎవరు లేస్తారమ్మా? రెండు చేతులూ బిడ్డ మీద ఉంటయ్యి. కుడి మోకాలి పక్కన పెట్టించు" అంది. ఆ తర్వాత తన కుడి మోకాలు పక్కన నేల మీద అరచెయ్యి ఆనించి, కుండ అక్కడే ఉన్నట్టు కాసేపు అలాగే ఉంచింది.

నేను కుండ చోటు మార్చి, మిగతా కథ చదివాను.